గుర్తు పట్టందే చదవదు మా మల్లిక

నా ఆడబిడ్డ లాటిన్ చెప్తుంది. మీరు సరిగ్గానే చదివారు. హిందీ కాదు, ఇంగ్లీషు కాదు, లాటిన్. తిరుమలగిరి దగ్గర గొర్రెలు కాసే గుర్వయ్య బిడ్డ, నల్గొండ అవతల ఒక సెమినరీలో, రేపోమాపో ఫాదర్లు కాబోయే కుర్రాళ్లను ముందు కూర్చోబెట్టుకుని బోర్డు మీద లాటిన్ చెప్తుంది. నవ్వాలనిపిస్తే ఇప్పుడే నవ్వేయండి. మా ఊళ్లో నవ్వని మనిషి లేడు. ఆ నవ్వులన్నీ అయిపోయాకే నేనిది రాస్తున్నాను.

నా పేరు రమ. హాలియాలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచర్ని. మల్లిక అన్న నాగేందర్‌ను చేసుకుని ఆ ఇంటికి వచ్చాను కాబట్టి ఆమెకు వదినను. మా వైపు వదిననైతే చాలు, మరదలిని ఎంతైనా ఆటపట్టించవచ్చు. ఆ విషయంలో నేనేమీ తక్కువ చేయలేదు. ముక్కు మీద కోపమనీ, మొండి ఘటమనీ, పెళ్లికొడుకును కూడా తోక చూసి ఎంచుకుంటుందనీ ఎన్ని అన్నానో. కానీ బయటివాళ్లు ఆమెను ఒక్క మాటన్నా నాకు ఒళ్లు మండుతుంది.

ఈ సంగతి చెప్పాలంటే ముందు గొర్రెల సంగతి చెప్పాలి. మా మామ గుర్వయ్య గొర్రెలకు ఎడమ చెవి మీద ఒక గాటు ఉంటుంది, నడుం మీద జాజుతో ఎర్రటి పట్టె ఉంటుంది. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. ఎండాకాలం సాగర్ కాల్వకు నీళ్లు వదిలారంటే చుట్టుపక్కల మందలన్నీ ఒకే రేవుకు దిగుతాయి. దిగాక ఏది ఎవరిదో వాటికేం పట్టింది, అన్నీ కలిసిపోతాయి. అప్పుడు మా మామ అరవడు, ఉరకడు. కర్రకు గడ్డం ఆనించి అట్లా నిలబడి చూస్తాడు. ఒక్కో గొర్రె చెవీ, నడుమూ చూసి, తనవి ఏవో కళ్లతోనే వేరుచేసుకుంటాడు. అవన్నీ తెలిసిన తర్వాతే నోట్లోంచి ఈల వస్తుంది. ఈల వచ్చిందంటే ఇక పని అయిపోయినట్టే.

మా పాలివాళ్ల విజేందర్‌కు అంత ఓపిక ఎక్కడిది. ఒకసారి కాల్వ దగ్గర మందలు కలిసిన వేళకు మబ్బు పట్టి వాన మొదలైంది. తడుస్తానని తొందరపడి, గుర్తులు చూడకుండా, ముందున్నవన్నీ తనవే అనుకుని ఇంటికి తోలుకొచ్చాడు. దొడ్లో పెట్టి చూస్తే సగం వేరేవాళ్లవి, ఎక్కువ మా ఊరి సోమన్నవి. సోమన్న ఇంటి ఆడవాళ్లు వీధి మధ్యకు వచ్చి విజేందర్ తల్లిని తిట్టిన తిట్లు ఊరంతా విన్నది. అప్పటినుంచి తొందరపడి చెడగొట్టిన పని ఏదైనా మా ఊళ్లో "విజేందర్ మంద" అయిపోయింది. అన్నం మాడినా అదే మాట, కుట్టు తప్పిన జాకెట్టుకూ అదే మాట. పాపం అతనికి మండేది, మండదా మరి.

మల్లిక నల్గొండలో డిగ్రీ చదివింది. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు ఆ సెమినరీ ఆఫీసులో టైపిస్టుగా చేరింది. అక్కడ ఇన్నయ్య ఫాదర్ అని గుంటూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఉండేవాడు. జీవితమంతా లాటిన్ చెప్పినవాడు. చూపు మందగించి పుస్తకంలో అక్షరాలు కనపడడం మానేశాయి. మధ్యాహ్నాలు ఎవరైనా కాసేపు చదివి వినిపిస్తే బాగుండునని ఆయన ఆశ. బ్రదర్లకు, అంటే అక్కడ చదువుకునే కుర్రాళ్లకు, క్లాసులూ ఆటలూ ఉంటాయి. ఆఫీసులో మధ్యాహ్నం పని లేనిది మల్లిక ఒక్కతే. ఇంగ్లీషు అక్షరాలే కదా, నేను చదువుతానని వెళ్లింది.

మొదటి రోజు సంగతి ఆమె ఎన్నిసార్లు చెప్పిందో, నేను అక్కడ ఉన్నట్టే ఉంటుంది నాకు. పాత వాచకం ఒకటి చేతికిచ్చాడట. పిల్లల వాచకం. అందులో సగం రైతులూ ఎడ్లూ, మిగతా సగం యుద్ధాలు. మల్లిక గడగడా చదివేసింది.

"ఆపమ్మాయ్. నువ్వు చదవట్లేదు, పరిగెత్తుతున్నావ్," అన్నాడట ఇన్నయ్య ఫాదర్.

"అక్షరాలన్నీ సక్కగనే చదివిన గద ఫాదర్."

"అక్షరాలు చదివావు. సరే, 'లూపుమ్ ఓవిస్ విదెత్'. మూడే మాటలు. డిక్షనరీ చూసి చెప్పు, ఏం జరిగిందక్కడ?"

మల్లిక డిక్షనరీ తిరగేసింది. లూపుమ్ దగ్గర తోడేలు, ఓవిస్ దగ్గర గొర్రె, విదెత్ దగ్గర చూడడం. ఇంకేముంది, తోడేలు గొర్రెను చూస్తున్నదని చెప్పింది. తోడేళ్లు చేసే పని అదే కదా.

"కాదు. గొర్రే తోడేలును చూస్తోంది. మాట మొదలు చూసి మురిసిపోకు, తోక చూడు. తెలుగులో మనం 'తోడేలుని' అంటే చాలదూ, దాన్ని ఎక్కడ పెట్టినా చూడబడేది అదేనని తెలిసిపోతుంది. ఇక్కడా అంతే. ఎవరు చేశారు, ఎవర్ని చేశారు, ఎవరిది, ఎవరికి, దేనితో, అంతా మాట చివర్లో ఉంటుంది. క్రియ చివర చూస్తే చేసింది నువ్వా నేనా వాడా, ఒకరా పదిమందా, అయిపోయిందా ఇంకా కావాలా, అన్నీ ఉంటాయి. అవి గుర్తుపట్టే వరకూ చదవకూడదు."

"అంటే చెవి గాటు సూసినట్టన్నమాట," అంది మల్లిక.

ఆయనకు అర్థం కాలేదు. కాల్వ రేవు, కలిసిన మందలు, జాజు పట్టె, బాపు కర్రకు గడ్డం ఆనించి నిలబడడం, అన్నీ విడమరిచి చెప్పింది. ఆయన నవ్వి నవ్వి దగ్గు వచ్చి, నీళ్లు తాగి, మళ్లీ నవ్వాడట. "ఇన్నేళ్లు చెప్పాను, నాకు ఇంత మంచి మాట దొరకలేదే," అన్నాడట.

అక్కడినుంచి అదే వాళ్ల పద్ధతి. ముందు ఆమె ఒక్కో మాట తోక చెప్పేది. ఇది చేసినవాడు. ఇది వాడి చేతిలో పడ్డది. ఇది ఫలానావాడిది. ఇది వాళ్లు చేసిన పని, ఎప్పుడో అయిపోయింది. ఆయన కళ్లు మూసుకుని ఊ కొట్టేవాడు, తప్పయితే వేలితో కుర్చీ మీద కొట్టేవాడు. అన్ని గుర్తులూ కుదిరాకే చదవడం. ఆయన కళ్లు పూర్తిగా పోయేసరికి ఆమెకు లాటిన్ వచ్చేసింది.

ఇంటికొస్తే ఊరుకునేదా? నేను బడి పుస్తకం ముందేసుకుని కూర్చుంటే పక్కన చేరి, "వదినా, గీ పద్యంల చేసినోడు ఎవడు, ముందు గది చెప్పు," అని ప్రాణం తీసేది.

"కూర ఎట్లున్నదో చెప్పమంటే ముందు ఉప్పుకో గుర్తు, కారానికో గుర్తు పెట్టేటట్టున్నవే తల్లీ. తిను ముందు," అనేదాన్ని.

"నీ కూరకు గుర్తెందుకు వదినా, వాసనకే తెలుస్తది," అనేది. మొండిదే కాదు, నోరు కూడా ఉంది.

చూపు పోయాక ఇన్నయ్య ఫాదర్ బోర్డు మీద రాయలేకపోయాడు. మొదటి ఏడాది బ్రదర్ల క్లాసులో ఆయన కుర్చీలో కూర్చుని చెప్తుంటే మల్లిక రాసేది. రానురాను చెప్పేదీ ఆమే అయింది. కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆయన పోయాడు. దగ్గరికి వెళ్లి చూడ్డానికి కూడా వీల్లేకపోయింది. మల్లిక మా ఇంటి వాకిట్లో కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. మా అత్త లక్ష్మీనర్సమ్మ ఆమె తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బడులు తెరిచాక మల్లిక ఎవర్నీ అడగలేదు, ఎవరూ వద్దనలేదు, వెళ్లి ఆ క్లాసులో నిలబడింది. అప్పటినుంచీ ఆ క్లాసు ఆమెదే.

బ్రదర్లకు మొదట్లో ఆమె అంటే గిట్టేది కాదు. వాళ్లు వచ్చేటప్పటికే వాక్యం పక్కన అర్థం అచ్చేసిన గైడు ఒకటి చేతుల్లో తిరిగేది. అది బట్టీ పడితే పరీక్ష అయిపోతుంది. క్లాసు తన చేతికొచ్చిన రోజే ఆమె గైడ్లన్నీ బల్ల మీద పెట్టించి రంగు చాక్‌పీసులు చేతికిచ్చింది. చేసినవాడికి ఎరుపు, చేయబడ్డదానికి పసుపు, ఎవరిదో చెప్పేదానికి నీలం, ఎవరికో చెప్పేదానికి పచ్చ, దేనితో ఎక్కడ అన్నవాటికి కింద గీత, క్రియకు చుట్టూ తెల్ల గీత. ఎరుపు ఎందుకని ఎవరో అడిగితే, "మా బాపు జాజు పెడ్తడు గనక," అన్నదట. వారాలపాటు ఒక్క వాక్యం చదవనివ్వలేదు. "మేడమ్, ఎప్పుడు చదువుతాం?" అని వాళ్లు మొత్తుకునేవాళ్లు. మొత్తుకుని మొత్తుకుని అలవాటు పడ్డారు. తర్వాత తర్వాత ఎవరైనా తోక చూడకుండా నోరు తెరిస్తే పక్కవాడే మోచేత్తో పొడిచేవాడట.

ఇట్లా నడుస్తుంటే రెండేళ్ల కింద డైరెక్టరుగా నవీన్‌కుమార్ ఫాదర్ వచ్చాడు. చెడ్డవాడని నేననను. ఆయనకు తొందర ఎక్కువ, భయం ఇంకా ఎక్కువ. పెద్దవాళ్లెవరైనా చూడ్డానికి వస్తే బ్రదర్లు లాటిన్ గడగడా చదవాలని ఆయన కోరిక. మల్లిక క్లాసు కిటికీ దగ్గర నిలబడి చూస్తే లోపల చప్పుడే లేదు, చాక్‌పీసుల గీకుడు తప్ప. ఆయనకు అది చదువులా కనపడలేదు.

సరిగ్గా అప్పుడే మా విజేందర్‌కు పని తగిలింది. అతనికి హాలియాలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, ఊళ్లో వాట్సాప్ గ్రూపు ఉంది, చుట్టూ నలుగురు కుర్రాళ్లున్నారు. మా గొల్లోళ్ల ఆడపిల్లను గేటు వెనకాల పెట్టుకుని అక్కడేదో నేర్పిస్తున్నారని, మతంలో కలుపుకుంటున్నారని గ్రూపులో పెట్టాడు. పెట్టి ఊరుకోకుండా ఇంటికే వచ్చాడు.

"పెదనాయినా, చెల్లె గురించి నాకు గూడ ఫికర్ ఉంటది గద. అండ్ల ఏం జరుగుతాందో నీకెర్కేనా?" అన్నాడు.

మా మామ గొంగడి దులుపుతున్నాడు, దులుపుతూనే ఉన్నాడు. జవాబు మా అత్త దగ్గర్నుంచి వచ్చింది.

"ఏం జరుగుతాందిరా? పోయిన పెద్దగట్టు జాతరకు గంప నెత్తిన పెట్టుకొని నడిచిందెవరు? మైసమ్మకు బోనం ఎత్తిందెవరు? నువ్వా, నీ పెండ్లామా? నా బిడ్డనే గదరా!"

"గట్ల కాదు పెద్దమ్మా, చదివేది ఏం భాషనో, అండ్ల ఏమున్నదో..."

"నీ ఫోన్ల ఏమున్నదో నేనడిగిన్నా? నడువు."

నేను వంటింటి గడప మీద నిలబడి నవ్వు ఆపుకోలేకపోయాను. "పో విజేందరూ, వాన మబ్బు పట్టింది, తొందరగ పో," అన్నాను. అతను నావైపు చూసిన చూపు చూస్తే నన్ను గొర్రెల్లో కలిపి తోలేసేటట్టున్నాడు. అనేశాక, అనకుండా ఉండాల్సింది కాదేమో అనిపించింది, కానీ నిజం చెప్పాలంటే ఆ మాట నాకిప్పటికీ తియ్యగానే ఉంది.

గ్రూపులో పెట్టింది నల్గొండ దాకా పోయింది. నవీన్‌కుమార్ ఫాదర్ మల్లికను పిలిచాడు.

"చూడమ్మా, గొడవ ఎందుకు? సోమవారం నుంచి నువ్వు ఆఫీసులోనే ఉండు. నీ ఉద్యోగానికి, జీతానికి ఢోకా లేదు. లాటిన్‌కు హైదరాబాదు నుంచి ఒకాయన వస్తానన్నాడు. అచ్చేసిన నోట్సు కూడా ఆయనే ఇస్తాడు."

"నేను తప్పు చేసిన్నా ఫాదర్?"

"తప్పని ఎవరన్నారు? మన జాగ్రత్త కోసం."

"క్లాసు తీసేస్తే ఊళ్లె ఏమంటరు? ఏదో ఉన్నది గనకనే దాసిన్రు అంటరు. విజేందర్ చెప్పింది నిజమైతది. నన్ను తీసెయ్యాలనుకుంటే గైడు బాగుంటదని చెప్పి తీసెయ్యుండ్రి, ఒప్పుకోను గానీ వింట. విజేందర్‌కు భయపడి తీసేస్తనంటే మాత్రం నేను పోను."

"మరేం చేద్దామంటావ్?"

"గేటు తెరువుండ్రి. శనివారం నా క్లాసుకు ఎవలొస్తే వాళ్లను రానియ్యుండ్రి. లోపల ఏమున్నదో కండ్లతోని సూసుకోని పోతరు."

చివరికి ఆయన ఒప్పుకున్నాడు, కానీ ఒక మాట గట్టిగా చెప్పాడు. ఆరోజు ఏ చిన్న గొడవ జరిగినా ఆ క్లాసే ఆమె ఆఖరి క్లాసు. మల్లిక సరేనంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాకిది చెప్తుంటే నేను వడ్డిస్తున్న గరిటె పక్కన పెట్టేశాను. ఆమె మాత్రం గిన్నె ముందేసుకుని పచ్చిపులుసు అన్నం రెండోసారి కలుపుకుంది.

శనివారం మేమంతా వెళ్లాం. మా మామ కొత్త తలపాగా చుట్టాడు, భుజం మీద గొంగడి సరేసరి. మా అత్త జాతరకు కట్టే చీర కట్టింది. వాచ్‌మన్ సైదులు గేటు బార్లా తెరిచి, వచ్చినవాళ్లను చూసి తబ్బిబ్బయి అందరికీ నమస్కారాలు పెట్టాడు. ఊళ్లోంచి ట్రాక్టరు నిండా వచ్చారు. విజేందర్ తన కుర్రాళ్లతో ముందు వరసలో ఫోను పట్టుకుని నిలబడ్డాడు. వెనక బల్లల మీద మేము. తలుపు దగ్గర నవీన్‌కుమార్ ఫాదర్, ఫ్యాను కింద నిలబడి కూడా చెమట తుడుచుకుంటూ.

మల్లిక చాక్‌పీసు తీసుకుంది. విజేందర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు చెల్లె. నువ్వు తయారుచేసుకొచ్చింది కాదు. పుస్తకం ఇటియ్యి, నేను తెరుస్త."

"తెరువు అన్నా," అని పుస్తకం ఇచ్చేసింది.

అతను మధ్యలో ఎక్కడో తెరిచి ఒక చోట వేలు పెట్టాడు. బ్రదర్లు ఆ పేరా మొత్తం బోర్డు మీద రాశారు. మల్లిక దాన్ని చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఆ లావుపాటి పుస్తకంలో ఇన్నయ్య ఫాదర్‌తో కూడా ఆమె ఎన్నడూ చదవని పేజీ అది.

తర్వాత రంగులు మొదలయ్యాయి. ఒక్కో బ్రదర్ లేచి వెళ్లి ఒక మాటకు రంగు వేస్తాడు. మల్లిక తల ఊపుతుంది, లేదా బల్ల మీద వేలితో కొడుతుంది, ఇన్నయ్య ఫాదర్ కొట్టినట్టే. తప్పయితే వాడు తుడిచి మళ్లీ వేస్తాడు. ఎరుపు, పసుపు, నీలం. బయటివాళ్లకు ఏం తెలుస్తుంది? కాసేపు చూశారు, కాసేపు ఓర్చుకున్నారు, గుసగుసలు మొదలయ్యాయి.

"చదవరేంది?" అన్నాడు విజేందర్. "పేజీ తెరిచి ఇంతసేపాయె. చదువుమను."

నవీన్‌కుమార్ ఫాదర్ గబగబా లోపలికి వచ్చి మల్లిక పక్కన నిలబడ్డాడు. మెల్లిగా అన్నాననుకున్నాడు గాని వెనక బల్ల దాకా వినపడింది. "ఒక్కసారి గడగడా చదివించేసేయ్ మల్లికా. అర్థం ఎవరికి తెలుస్తుంది? వింటారు, వెళ్లిపోతారు."

"నేను గూడ దీన్ని ఇయ్యాలనే సూస్తున్న ఫాదర్. గుర్తు పట్టకుంట ఎట్ల చదవాలె?"

"ఇప్పుడు పట్టుదలకు పోతే క్లాసు పోతుంది."

"పోతే పోనియ్యుండ్రి. ఉన్నంతసేపు గిట్లనే చెప్త."

ఆమె గొంతు పెంచలేదు. తర్వాతి బ్రదర్‌కు చాక్‌పీసు అందించింది. నాకు ఆమె మీద కోపం వచ్చింది, ఒక్క ముక్క చదివేస్తే నీ సొమ్మేం పోయిందే అని. అంతలోనే, చదివితే చంపేస్తాను అని కూడా అనిపించింది. రెండూ ఒకేసారి.

విజేందర్ ఫోను పైకెత్తి వెనక్కి తిరిగాడు. "సూసిన్రా? అడిగితే చదువుత లేరు. ఏదో దాస్తున్నరు. ఇగ నేను చెప్పింది అబద్ధమా?"

జనం లేచారు. బల్లలు కదిలాయి. అప్పుడు మా మామ లేచాడు. నలుగురిలో నోరు విప్పని మనిషి, కర్ర నేలకు తాటించి, "ఒరే విజేందర్! ఆ వాన రోజు కాల్వ కాడ నువ్వు..." అని మొదలుపెట్టాడు.

"బాపు, కూసో."

మల్లిక మాట అది. అందరూ ఆమె వైపు తిరిగారు.

"నీ మంద కాడికొచ్చి నేనెన్నడన్న కట్టె లేపిన్నా? నువ్వు నిలబడి సూసినంతసేపు పక్కన సప్పుడు చెయ్యకుంట నిలబడ్డ. గిది నా మంద. నువ్వు కూసో."

మా మామ కూర్చున్నాడు. కూతురు పదిమందిలో కూర్చోమంటే ఏ తండ్రికైనా ముఖం చిన్నబోతుంది కదా. ఆయన ముఖం చిన్నబోలేదు. కర్ర నిలువుగా పెట్టుకుని, దానికి గడ్డం ఆనించి, బోర్డు వైపు చూడడం మొదలుపెట్టాడు. కాల్వ రేవులో ఎట్లా చూస్తాడో అట్లాగే. ఆయన్ని చూసి పక్కన సోమన్న కూర్చున్నాడు. సోమన్నను చూసి మిగతావాళ్లు.

"నువ్వు నిలబడు అన్నా," అంది మల్లిక విజేందర్‌తో. "నువ్వు తెరిచిన పేజీ. అన్ని గుర్తులైనంక నువ్వు ఏ మాట మీద వేలు పెడితే గా మాట చెప్త. ఫోన్ బందు పెట్టకు, వీడియో తీసుకో."

రంగులు మళ్లీ మొదలయ్యాయి. చివరికి బోర్డంతా నిండింది, ఒక్క మాట తప్ప. ఆ మాట దగ్గరికి ఇద్దరు బ్రదర్లు వెళ్లి వెనక్కి వచ్చారు. మల్లిక తనే వెళ్లి నిలబడింది. డిక్షనరీ తీసింది, పెట్టింది. దాని చుట్టూ తెల్లగా పెద్ద సున్నా చుట్టి వదిలేసింది.

"ఇగ చదువుండ్రి," అంది.

బ్రదర్లందరూ కలిసి చదివారు, ఆ సున్నా దగ్గర ఆగి, దాటి, మళ్లీ అందుకుని. తర్వాత మల్లిక తెలుగులో చెప్పింది. ఒక రైతు ఎడ్లు కట్లు తెంపుకుని పక్కవాడి చేలో పడ్డాయి. పక్కవాడు వాటిని పట్టి తన దొడ్లో కట్టేశాడు. రైతు వెళ్లి నా ఎడ్లు నాకిమ్మన్నాడు. మేసిన గింజలు నువ్వు పోస్తావా అని వాడన్నాడు. ఇద్దరూ పెద్దమనుషుల దగ్గరికి బయలుదేరారు. పేరా అక్కడితో అయిపోయింది.

ఆ తర్వాత మా అత్త గట్టిగా, "ఓయమ్మ! గిది మన బందెలదొడ్డి పంచాయితేనాయె!" అంది. గది గదంతా నవ్వింది. "మరి ఎవరిది తప్పన్నరు పెద్దమనుషులు?" అని వెనక నుంచి ఎవరో అడిగారు కూడా.

విజేందర్ నవ్వలేదు. బోర్డు దగ్గరికి నడిచి, రంగులన్నీ దాటుకుని, సరిగ్గా ఆ తెల్ల సున్నా మీద వేలు పెట్టాడు. తెలివైనవాడే, కాదని నేననను.

"గిదేంది?"

"తెల్వదు అన్నా."

"తెల్వదా? తెల్వకుంటనే మొత్తం చదివిన్రా?"

"గా ఒక్కటి విడిచిపెట్టి చదివినం," అంది మల్లిక. "గుర్తు తెల్వని గొర్రెను ఇంటికి తోలుకపోలే."

సోమన్న మొదట నవ్వాడు. అతని గొర్రెలే కదా ఆరోజు పోయింది. ఆ తర్వాత లేచిన నవ్వుకు కిటికీ రెక్కలు ఊగాయంటే మీరు నమ్మాలి. విజేందర్ కుర్రాళ్లు కూడా చేతులు అడ్డం పెట్టుకున్నారు. విజేందర్ ముఖం కందగడ్డలా అయింది. ఫోను జేబులో పెట్టుకున్నాడు. వెళ్లేటప్పుడు మాత్రం బోర్డు వైపు మళ్లీ ఒకసారి చూశాడు, ఆ సున్నా వైపే.

జనం పోయాక నవీన్‌కుమార్ ఫాదర్ వరండాలో మల్లికను ఆపాడు. నేను పక్కనే ఉన్నాను, పొమ్మన్నా పోయేదాన్ని కాదు.

"అంతమందిలో తెలియదని అనాలా? ఏదో ఒకటి చెప్పేస్తే పోయేది కదా."

"గట్ల చెప్పుడు మొదలువెడితే ఇగ గైడుకు నాకు తేడా ఏమున్నది ఫాదర్?"

బోర్డు తుడవడానికి బ్రదర్ ఒకడు లోపలికి వెళ్తుంటే ఆయన వద్దని చేయి ఊపాడు. గేటు దగ్గర సైదులు తాళం పట్టుకుని నిలబడ్డాడు. ఫాదర్ వరండాలోంచే కేకేశాడు. "సైదులూ, సోమవారం క్లాసు టైముకు కూడా గేటు తీసే ఉంచు. మల్లిక మేడమ్ క్లాసు."

సోమవారం నా బడికి సెలవు పెట్టి నేనూ వెళ్లాను. గేటు తీసే ఉంది. బోర్డు మీద శనివారం రంగులు అట్లాగే ఉన్నాయి, మధ్యలో ఆ తెల్ల సున్నా కూడా. మల్లిక పుస్తకం తెరవలేదు. ఆ సున్నా ముందు నిలబడి, కాస్త పక్కకు ఒరిగి, చాలాసేపు చూసింది. తర్వాత చాక్‌పీసు తీసుకుని ఆ మాట తోక దగ్గర మొదలుపెట్టింది.